మిగిలిపోయిన క్లూ

6 మార్చి, బుధవారం. సాయంత్రం 6:30

రేపు పదకొండింటికి నేను మేనేజర్ గదిలో మాట్లాడాలి. అందుకే ఈ డైరీ ఇవాళే మొదలుపెట్టాలి. మాట్లాడాక రాస్తే, మాట్లాడిందే జరిగిందని నాకే నమ్మకం కుదిరిపోతుంది. ముందే రాసి ఉంచుకుంటే తర్వాత సరిచూసుకోవచ్చు.

మాది మందుల డిపో. వెనకాల ఒక కోల్డ్‌రూమ్ ఉంది. అందులో ఇంజెక్షన్లు రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్య ఉండాలి. సోమవారం, 4వ తేదీ, సాయంత్రం అయిదున్నరకి స్టోర్‌కీపర్ వెళ్ళి చూస్తే తలుపు బెత్తెడు తెరుచుకుని ఉంది. లోపల పదహారు డిగ్రీలు. సరుకంతా పారేశారు. ఆసుపత్రులకి ఫోన్ చేసి ఈ వారం ఇంజెక్షన్లు రావని చెప్పే పని నాకిచ్చారు. పదకొండు ఫోన్లు చేశాను. పది మంది తిట్టారు. పదకొండో ఆవిడ ఏమీ అనలేదు, సరేనమ్మా అని పెట్టేసింది. ఆ ఒక్కటే చెవిలో ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం కోల్డ్‌రూమ్ రిజిస్టర్‌లో మూడు సంతకాలున్నాయి. ప్యాకింగ్ అక్క, ఏసీ మెకానిక్, డ్రైవర్. టైము ఎవరూ వేయరు. సాయంత్రం నేనే ఒక్కొక్కర్నీ అడిగి నింపుతాను. ఆ రోజు ఆ గొడవలో అడగలేదు. ఇప్పుడు మేనేజర్ అడిగితే ముగ్గురూ ఆఖరున వెళ్ళింది నేను కాదంటున్నారు. అక్క తన మోకాళ్ళ మీద ఒట్టేసింది, ఈ నొప్పులు ఇంకో జన్మకి కూడా వస్తాయి అబద్ధమైతే అంది. తలుపులు బాగుచేసే వాడిని తలుపు తీసి పోతానా అని మెకానిక్ అన్నాడు. డ్రైవర్ మాత్రం గోడకి ఆనుకుని, మమ్మల్నెందుకు సార్ అడుగుతారు, కలెక్టరమ్మ ఉందిగా, ఆవిడ పుస్తకంలో మన తలరాత కూడా రాసి ఉంటుంది అన్నాడు. అందరూ నవ్వారు.

కలెక్టరమ్మ అంటే నేను. నేను ఈ డిపోలో రికార్డు క్లర్క్‌ని. ప్రొబేషన్ ఈ నెల 31తో అయిపోతుంది. మా అమ్మ ఇస్త్రీ షాపులో పనిచేస్తుంది, నాన్న గోడలకి రంగులేస్తాడు. మా రెండు వైపులా కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. అందుకే కలెక్టరమ్మ అన్నప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. డ్రైవర్‌కి అది తెలుసు. తెలిసే అంటాడు.

అదే రోజు, 7:45

గళ్ళ గుంపు సంగతి కూడా రాయాలి.

రెండేళ్ళుగా నేను ఆన్‌లైన్‌లో ఒక గుంపుతో కలిసి లాజిక్ పజిళ్ళు చేస్తున్నాను. ఒక గ్రిడ్ ఉంటుంది. అడ్డంగా మనుషులు, నిలువుగా వస్తువులో వేళలో. క్లూలు చదివి, కుదరని గడిలో ఇంటూ, కుదిరిన గడిలో టిక్కు పెట్టుకుంటూ పోవాలి. నలుగురం నాలుగు ఊళ్ళ నుంచి ఒకే గ్రిడ్ మీద గీస్తాం. మా గుంపుకి ఒక కట్టడి ఉంది. పక్కన 'ఎందుకంటే' అని కారణం రాయకుండా ఎవరూ మార్కు పెట్టకూడదు. అందరివీ మారుపేర్లే. టీచరమ్మ రిటైరైన లెక్కల టీచరు. తొందర పేరుకి తగ్గవాడే. రబ్బరు అనే ఆయన మార్కులు పెట్టడు, తప్పు మార్కులు చెరుపుతాడు. నేను పెన్సిల్. ముఖాలు ఎవరికీ తెలియవు. వీళ్ళ దగ్గర నన్ను ఎవరూ వెక్కిరించరు.

నిన్న సాయంత్రం నేను డిపో సంగతిని పజిల్‌గా మార్చి గుంపులో పెట్టాను. నిజమని చెప్పలేదు. కోల్డ్‌రూమ్‌ని గుర్రాలశాల చేశాను. తలుపు తెరిచి ఉంది, గుర్రం పారిపోయింది. పచ్చ చొక్కా, ఎర్ర చొక్కా, నీలం చొక్కా అని ముగ్గురు. డిపోలో విన్నవీ చూసినవీ అన్నీ క్లూలుగా రాశాను, మొత్తం ఏడు. ఒకరు తలుపు తెరిచి వదిలేస్తే తర్వాత వచ్చినవాళ్ళు చూసి గోల చేసేవాళ్ళు. కాబట్టి ఆఖరున వెళ్ళిందెవరో తేలితే చాలు.

రబ్బరు ఊళ్ళో లేడు. మిగతా ముగ్గురం పందొమ్మిది నిమిషాల్లో తేల్చాం. అక్క ముందు వెళ్ళింది. ఆమె బయటికొస్తుంటే మెకానిక్ ఎదురయ్యాడు. మెకానిక్ నిచ్చెన మడిచి వెళ్ళేటప్పటికి కూడా డ్రైవర్ తీసుకెళ్ళాల్సిన పెట్టెలు లోపల గోడ పక్కనే ఉన్నాయి. అంటే డ్రైవర్, పజిల్‌లో నీలం చొక్కా, ఆఖరు. నీలం చొక్కాగాడికి గుర్రాన్ని వెతుక్కొచ్చే శిక్ష వేయండి అన్నాడు తొందర. పెన్సిలమ్మా, ముద్దుగా ఉంది నీ పజిల్, కానీ రబ్బరు వచ్చాక ఒకసారి చూపించు అంది టీచరమ్మ.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నీలం చొక్కా గడిలో టిక్కు పడినప్పుడు నాకు సంతోషమేసింది.

7 మార్చి, గురువారం

తెల్ల కాగితం మీద గ్రిడ్ గీసి తీసుకెళ్ళాను. ప్రతి గడి పక్కన కారణం రాశాను. మేనేజర్ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, మూడు రోజులుగా నేను చేయలేని పని నువ్వు ఒక్క కాగితంలో చేశావమ్మా అన్నాడు. ముగ్గుర్నీ పిలిచాడు. అక్కా మెకానిక్కూ తమ మాటలు తామే చదివి అవునన్నారు.

డ్రైవర్ కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఇందులో నేనెక్కడున్నాను అని అడిగాడు. వేలు పెట్టి చూపించాను. బాగుంది, కూర్చోడానికి చోటు కూడా ఇరుకుగానే ఇచ్చావు అన్నాడు. తర్వాత మేనేజర్ వైపు తిరిగి, ఆఖరున వెళ్ళానేమో సార్, కాదనను, కానీ పెట్టెలు కింద దించి భుజంతో నెట్టి మూశాను, టక్కుమని చప్పుడయ్యేదాకా నెట్టాను అన్నాడు. ఆ మాట ఏ గడిలోనూ పట్టదు.

బండి తాళాలు బల్ల మీద పెట్టమన్నారు. విచారణ 21న. అది తేలేదాకా పనిలోకి రానక్కర్లేదన్నారు. పదహారేళ్ళుగా ఆ బండి ఆయనదే.

వెళ్ళేటప్పుడు నన్ను కలెక్టరమ్మా అనలేదు.

8 మార్చి, శుక్రవారం

నా గ్రిడ్‌ని రిపోర్టుకి జతచేసి హెడ్ ఆఫీసుకి పంపారట. ప్రొబేషన్ గురించి ఇక దిగులు పడొద్దని మేనేజర్ చెప్పాడు. ఇంట్లో చెబితే నాన్న చేతులకున్న రంగు కూడా కడుక్కోకుండా పక్కింటికి పోయి, మా పిల్ల కాగితం మీద గీతలు గీసి దొంగని పట్టుకుంది అని చెప్పొచ్చాడు. దొంగ కాదు నాన్నా, తలుపు మూయని మనిషి అన్నాను. ఏదైతేనేం, పట్టుకున్నావు కదా అన్నాడు.

అమ్మ మాత్రం అన్నం ముందు కూర్చుని, ఆయనకి పిల్లలున్నారా అని అడిగింది. తెలియదన్నాను. క్లూలలో అది లేదు.

9 మార్చి, శనివారం

కొత్త డ్రైవర్ వచ్చాడు. డిపో లోపల దారి తెలియక రెండుసార్లు అక్కని అడిగాడు.

10 మార్చి, ఆదివారం. సాయంత్రం 5:00

రబ్బరు తిరిగొచ్చాడు. గుర్రం పజిల్ చూశాడు. పొడుగ్గా రాశాడు. ఎప్పుడూ రెండు మాటలకి మించి రాయని మనిషి.

గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయట. వరుస కూడా సరేనట. కానీ ఏడు క్లూలిచ్చి ఆరే వాడామట. అయిదో క్లూ ఎవరూ ముట్టుకోలేదట. ఒక క్లూ మిగిలిపోతే జవాబు తప్పయినా కావాలి, పజిల్ పెట్టినవాళ్ళు తప్పయినా పెట్టి ఉండాలి, పెన్సిల్ అలా పెట్టే మనిషి కాదు అని రాశాడు.

అయిదో క్లూ: 'నాలుగు నలభైకి తొట్టిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి.'

అలంకారం కోసం పెట్టి ఉంటుందిలే స్వామీ, గుర్రానికి దాహం వేయదా అన్నాడు తొందర. రబ్బరు నవ్వలేదు. నాలుగు నలభైకి తొట్టి నిండుగా ఉందని చూసి చెప్పిందెవరు? కిటికీ లేని శాల కదా, లోపలికి వెళ్ళకుండా ఎలా చూశారు? ముగ్గురేనా, ఇంకొకరున్నారా? అని అడిగాడు.

నేను ఫోన్ బోర్లా పెట్టాను.

10 మార్చి, 5:20

తొట్టి నీళ్ళు అంటే కోల్డ్‌రూమ్ గోడ మీది థర్మామీటర్. దాని రీడింగు రోజూ 4:40కి రిజిస్టర్‌లో రాసేది నేను.

11 మార్చి, సోమవారం. సాయంత్రం 5:15

ఉదయం రాగానే రిజిస్టర్ తీశాను. 4వ తేదీ, 4:40, అయిదు డిగ్రీలు. నా చేతిరాత. మూడు సంతకాల కిందే ఉంది. వారం రోజులు అందరం ఆ పేజీ చూశాం. అది థర్మామీటర్ తనకు తాను రాసుకున్నట్టు చూశాం.

ఇక్కడి పద్ధతి అది. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళూ సంతకం పెట్టాలి, రిజిస్టర్ రాసే మనిషి తప్ప. నేను చేరిన రోజు పాత క్లర్క్ అదే నేర్పింది. పుస్తకం మనదే, మనం పెట్టుకోనక్కర్లేదు అంది.

డ్రైవర్ తలుపు తీసి పోయి ఉంటే 4:40కి అయిదు డిగ్రీలు ఉండవు. అంతకంటే ముందు, తెరిచి ఉన్న తలుపుని నేను చూసేదాన్ని. నేను చూసింది మూసిన తలుపు. నేనే తెరిచాను.

గేటు దగ్గరికి వెళ్ళి 4వ తేదీ బండ్ల రాకపోకల చీటీ అడిగాను. వాచ్‌మన్ ఎందుకు తల్లీ, ఇంకెవరినైనా పట్టుకోవాలా అన్నాడు. బండి బయటికి వెళ్ళింది 4:32కి.

ఇవాళ 4:40కి రీడింగుకి వెళ్ళాను. తలుపు అంచుకి రబ్బరు పట్టీ ఉంటుంది. రెండు చేతులతో నెట్టాలి. సగం నెడితే మూసుకున్నట్టే కనబడి, నెమ్మదిగా వెనక్కి వస్తుంది. ఇవాళ రెండు చేతులతో నెట్టాను. చప్పుడు విన్నాను. పోయిన సోమవారం ఆ చప్పుడు విన్నానో లేదో గుర్తు చేసుకుంటూ అక్కడే నిలబడ్డాను. గుర్తు రాలేదు. రోజూ చేసే పని ఏ రోజుకా రోజు గుర్తుండదు.

కానీ ఒక చోట గుర్తుంది. ప్రతి సోమవారం నాలుగున్నరకి గుంపుల పోటీ గ్రిడ్ తెరుస్తారు. ఎవరు ముందు పూర్తి చేస్తారో అని. ఆ రోజు మేం రెండో స్థానంలో వచ్చాం. గుంపులో ఎవరు ఎప్పుడు ఏం రాశారో అంతా ఉంటుంది. వెనక్కి వెళ్ళి చూశాను.

4:41కి పెన్సిల్ రాసింది: ఇక్కడ చలికి వేళ్ళు వంగడం లేదు, ఆగండి, నాలుగో వరస నాకు తెలిసిపోయింది.

4:42కి పెన్సిల్ టిక్కు పెట్టింది. కారణం కూడా రాసింది.

ఒక చేతిలో ఫోను. ఒక చేతిలో రిజిస్టరు, పెన్ను. మూడో చెయ్యి లేదు.

ఇవాళ పోటీకి నేను వెళ్ళలేదు. ఫోను డ్రాయర్‌లో మోగుతూనే ఉంది.

12 మార్చి, మంగళవారం

డ్రైవర్ గేటు దగ్గరికి వచ్చాడు. బండిలో ఆయన చలికోటు ఉండిపోయిందట. లోపలికి రానివ్వరు కాబట్టి నన్ను పిలిపించాడు. తెచ్చిచ్చాను. జేబులు తడుముకుని, చూశావా, నా బండి నన్ను మోసం చేయలేదు, చిల్లర కూడా అలాగే ఉంది అన్నాడు.

అప్పుడు ఆయనే అడిగాడు. అమ్మాయ్, ఆ గళ్ళ కాగితం నాకు ఒకటి రాసిస్తావా, మా ఇంట్లో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నాకు రావడం లేదు, నేను మూశానంటే మరి అందులో ఎలా వచ్చింది అంటున్నారు అన్నాడు. అడిగి కాస్త ఆగి, నాకే అనుమానం పట్టుకుంది, చప్పుడు నిజంగా విన్నానా, విన్నాననుకుంటున్నానా అని, పదహారేళ్ళు మూసిన తలుపు కదా, అన్ని చప్పుళ్ళూ ఒకటే అన్నాడు.

మీరు విన్నారు బాబాయ్ అనాలి నేను. నోట్లోకి వచ్చింది. రేపు రాసిస్తానన్నాను.

ఇంత పిరికిదాన్నని నాకు తెలియదు. పరీక్షల్లో తెలిసిన జవాబు రాయకుండా కాగితం ఎప్పుడూ ఇచ్చి రాలేదు.

13 మార్చి, బుధవారం. మధ్యాహ్నం 1:30

గుంపులో నిజం చెప్పాను. గుర్రం లేదని, మనుషులున్నారని, నీలం చొక్కా మనిషిని ఇంటికి పంపారని, తొట్టి చూసింది నేనని.

తొందర ముందు వచ్చాడు. నీలం చొక్కా గడిలో మొదటి టిక్కు తనదేనట, కారణం కూడా తనే రాశాడట. ఆ 4:41 మెసేజ్ తీసేస్తే ఎవరికి తెలుస్తుంది పెన్సిల్, నువ్వు మూశావేమో కూడా కదా, నీకు గుర్తు లేదు కదా, తీసెయ్ అన్నాడు. ఆ తర్వాత వెంటనే, వద్దులే, నేనలా అనలేదనుకో అన్నాడు.

టీచరమ్మకి కోపం వచ్చింది. పిల్లా, మనం ముగ్గురం కలిసి ఒక మనిషికి శిక్ష వేసి చప్పట్లు కొట్టుకున్నాం, నాకు నువ్వు చెప్పలేదు, చెబితే కారణాలు ఇంకోలా అడిగేదాన్ని అంది. నలభై ఏళ్ళు పిల్లల జవాబులు దిద్దాను, ప్రశ్న నిజమో కాదో అడగాలని తోచలేదు అని కూడా అంది.

రబ్బరు ఒక్క మాటే అడిగాడు. విచారణ ఎప్పుడు? 21 అన్నాను. ఇంకా ఎనిమిది రోజులుంది అన్నాడు.

13 మార్చి, సాయంత్రం 7:00

అమ్మకి చెప్పాను. మొదట అర్థం కాలేదు. తర్వాత, అంటే నువ్వు పట్టిన దొంగవి నువ్వేనా అంది. అవునన్నాను. వెంటనే వీధి తలుపు మూసి, ఏమే, పిచ్చా నీకు, 31 దాకా నోరు కుట్టుకో, ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చాక ఏం చెప్పుకుంటావో చెప్పుకో, నీ చదువుకి మేం ఏమేం తిన్నామో ఏమేం మానుకున్నామో నీకు తెలియదు అంది. నాకు తెలుసు.

గంట తర్వాత తనే వచ్చి నా పక్కన కూర్చుంది. డ్రైవర్ భార్య నిన్న ఇస్త్రీ షాపుకి వచ్చిందట. అమ్మ ఎవరో ఆవిడకి తెలియదు. ఒక్క యూనిఫాం చొక్కా తెచ్చి, 21కి వేసుకోవాలి, కాలరు గట్టిగా నిలబడేలా చెయ్యి వదినా అందట. అమ్మ ఇంకా చెయ్యలేదట. షాపులో నా బల్ల మీదే ఉంది, ఏ మొహంతో మడత పెట్టను అంది.

తర్వాత లేచి అన్నం వడ్డించింది. నాన్నకి నేను చెప్తాలే అంది.

14 మార్చి, గురువారం

చెప్పేశాను. పొద్దున్నే, మేనేజర్ బ్యాగు కూడా దించకముందే. రిజిస్టరు, గేటు చీటీ, 4:41 మెసేజ్ వరుసగా బల్ల మీద పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. చదవాలనుకోలేదు. రిపోర్టు వెళ్ళిపోయిందమ్మా అన్నాడు. నీ గ్రిడ్ చూసి పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు, ఇప్పుడు అది తప్పని నేనే రాస్తే నా మొహాన ఏం మిగులుతుంది అన్నాడు. రీడింగే కదా, అందాజుగా రాశాననుకో, లోపలికి వెళ్ళలేదనుకో, చాలామంది క్లర్కులు చేసే పనే, దానికి నేనేమీ అనను అన్నాడు. ఆ మాట చాలా మెత్తగా అన్నాడు. నా మేలు కోరే అన్నాడేమో కూడా.

ఆయన అనుకోమన్నది నాకు తెలిసిన పద్ధతే. గ్రిడ్‌లో ఒక గడి కుదరకపోతే ఆ గడినే తీసేయడం.

డ్రాయర్ తీసి నా కన్ఫర్మేషన్ కాగితం చూపించాడు. సంతకం అయిపోయి ఉంది, తేదీ మాత్రం వేయలేదు. రేపటిదాకా ఆలోచించుకో, తేలిన లెక్కని కెలక్కు, ఆయనకి వయసైపోయింది, ఎలాగూ ఇంకో రెండేళ్ళే అన్నాడు.

నేను వెళ్ళేటప్పుడు ఆయన గది తలుపు రెండు చేతులతో మూశాను.

గుంపులో చెప్పాను. పై ఆఫీసుకి రాయి, నోటితో కాదు, కాగితంతో అంది టీచరమ్మ. తొందర ఉత్తరం చిత్తు తనే రాసి పంపాడు, మూడు పేజీలు, నిండా క్షమించండి, క్షమించండి. రబ్బరు అందులోంచి చెరుపుతూ పోయాడు. చివరికి ఒక్కో వాక్యం పక్కనా 'ఎందుకంటే' అని ఉన్నవి మాత్రమే మిగిలాయి.

15 మార్చి, శుక్రవారం. ఉదయం 9:10

హెడ్ ఆఫీసులో విచారణ అధికారి గారికి పంపాను. నకళ్ళు మేనేజర్‌కి, డ్రైవర్ గారికి. ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

'4వ తేదీన కోల్డ్‌రూమ్‌లోకి ఆఖరున వెళ్ళింది డ్రైవర్ గారు కాదు, నేను. ఎందుకంటే ఆయన బండి 4:32కి గేటు దాటింది, 4:40 రీడింగు నా చేతిరాతలో ఉంది. ఆయన తలుపు సరిగ్గానే మూశారు. ఎందుకంటే అప్పుడు లోపల అయిదు డిగ్రీలుంది. నేను తలుపు మూశానని చెప్పలేను. ఎందుకంటే 4:41కి నా రెండు చేతులూ ఖాళీగా లేవు. ఆధారాలు మూడూ జతచేశాను. మీకు పంపిన గ్రిడ్ గీసింది నేనే. అందులో నేను లేను. దయచేసి దాన్ని వెనక్కి తీసుకోండి.

డ్రైవర్ గారి విచారణ 21న ఉంది. ఆ రోజు పిలిచినా పిలవకపోయినా నేను వస్తాను. ఆయన్ని తిరిగి పనిలోకి తీసుకుంటున్నారో లేదో, 20వ తేదీ సాయంత్రం అయిదింటిలోపు ఆయనకీ నాకూ రాతపూర్వకంగా జవాబివ్వండి.'